తిరగని ఫెరారీ కొనాలా, తిరిగిన ఫెరారీ కొనాలా?

ప్రశ్న: నా వయసు 46. ఏడో తరగతిలో నోటుపుస్తకం అట్ట మీద ఎర్ర ఫెరారీ బొమ్మ అంటించుకున్నప్పటి నుంచి నాది ఒకటే కల. ఈమధ్య వ్యాపారంలో నా వాటా అమ్మేశాను, చేతిలో కొంత డబ్బుంది. ఇటలీలో మోడెనా దగ్గర ఇద్దరు డీలర్ల దగ్గర రెండు ‘స్కుదేరియా స్పైడర్ 16ఎం’ కార్లు చూశాను. రెండూ 2009వే. మొదటిది 1,900 కిలోమీటర్లే తిరిగింది, ఒకే ఓనరు. కానీ మధ్యలో ఆరేళ్లకు సర్వీసు కాగితాలు లేవు. రెండోది 31,000 తిరిగింది, మూడు చేతులు మారింది, ఏటా చేయించిన సర్వీసు బిల్లులన్నీ ఉన్నాయి. ధర మొదటిదానికన్నా నాలుగో వంతు తక్కువ. బ్రోకరు మాత్రం మొదటిదే కొనమంటున్నాడు. ‘కవరు కప్పి పక్కన పెట్టండి, ఐదేళ్లలో రెట్టింపవుతుంది’ అంటున్నాడు. దానికి నా డబ్బు చాలదు, ఇల్లు తాకట్టు పెట్టాలి. మా ఆవిడ ‘నడపని కారు ఎందుకండీ?’ అని ఒక్క మాటని ఊరుకుంది. ఏది కొనమంటారు? అసలు ఇలాంటి కార్లకు విలువ ఎలా కడతారు?
– ఓ పాఠకుడు

జవాబు: ముందు మీకు కావలసిన మాట చెప్పేస్తాను. ఇల్లు తాకట్టు పెట్టకండి. ఈ రెండింటిలోనే కొనాలంటే 31,000 తిరిగిన బండి కొనండి, అదీ కింద చెప్పిన తనిఖీలన్నీ అయ్యాకే. మీ రెండో ప్రశ్న, అంటే విలువ ఎలా కట్టాలన్నది, మొదటిదానికన్నా పెద్దది. ఈ కారు కొన్నా కొనకపోయినా దాని జవాబు మీకు పనికొస్తుంది కాబట్టి కాస్త వివరంగానే రాస్తున్నాను.

మీరు మనసుపడిన కారు మామూలుది కాదు. 2008 నవంబరు 2న బ్రెజిల్‌లో ఆ ఏటి చివరి ఫార్ములా వన్ రేసు జరిగింది. ఫెరారీ డ్రైవరు ఫెలిపె మాసా రేసు గెలిచాడు. గెలిచీ ఒకే ఒక్క పాయింటు తేడాతో డ్రైవర్ల చాంపియన్‌షిప్ లూయిస్ హామిల్టన్‌కి వదులుకోవాల్సి వచ్చింది. ఆ రోజే ఫెరారీ జట్టు, డ్రైవర్లకు కాక జట్లకు ఇచ్చే ప్రపంచ టైటిళ్లలో తన 16వదైన కన్‌స్ట్రక్టర్స్ టైటిల్ గెలుచుకుంది. ఆ నెలలోనే ఇటలీలోని ముజెల్లో ట్రాక్ మీద ఈ కారును బయటపెట్టారు. 16ఎం అన్న పేరు ఆ 16 ప్రపంచ టైటిళ్లకు గుర్తు. 4.3 లీటర్ల వీ8 ఇంజిన్, 510 హార్స్‌పవర్, గంటకు 315 కిలోమీటర్ల వేగం, తెరుచుకునే టాపు. చేసినవి 499. ఆ తర్వాత 2025 సీజను ముగిసేదాకా ఫెరారీకి మరో కన్‌స్ట్రక్టర్స్ టైటిల్ రాలేదు. ఈ సంగతి ఎందుకు చెప్తున్నానంటే, ఇంకో ఇరవై ఏళ్లకు ఈ కారును కొనబోయేవాడు హార్స్‌పవర్ చూసి కొనడు. అప్పటికి ఇంతకంటే వేగంగా పోయే బండ్లు వీధికొకటి ఉంటాయి. అతను ఆ రోజును తలుచుకుని కొంటాడు. విలువ కట్టేటప్పుడు మొదట చూడాల్సింది ఇదే: ఈ బండి దేన్ని గుర్తు చేస్తుంది?

499 అన్న అంకెను మాత్రం చూసి మురిసిపోకండి. ‘లిమిటెడ్ ఎడిషన్’ అనే మాట కంపెనీ వేసిన ముద్ర. అది ఎంత అరుదో తేల్చేది మార్కెట్టు. ఎఫ్40 సంగతి చూడండి. ఫెరారీ కంపెనీకి 40 ఏళ్లు నిండిన సందర్భంగా 1987లో వచ్చింది. కంపెనీ స్థాపకుడు ఎంజో ఫెరారీ బతికుండగా విడుదలైన చివరి కారు అదే, మరుసటి ఏడాది ఆగస్టులో ఆయన కన్నుమూశారు. మొదట 400 చేద్దామనుకున్నారు. అడిగేవాళ్లు పెరిగేకొద్దీ చేస్తూ పోయి చివరికి 1,300 దాటించారు. ఆ లెక్కన అది చౌకగా దొరకాలి కదా? దొరకదు. ఎందుకంటే ఎంజో తానుండగా చూసిన ఆఖరి బండి అన్న మాట దానితో ముడిపడిపోయింది, పైగా డ్రైవరుకు సాయం చేసే ఎలక్ట్రానిక్స్ ఏవీ లేకుండా అంత వేగం ఇచ్చే కార్లు ఆ తర్వాత కరువైపోయాయి.

దాని తర్వాత వచ్చిన ఎఫ్50 కథ ఇంకో రకం. 350 అమ్ముడుపోతాయని అంచనా వేసుకుని 349 చేశారు. మార్కెట్టు అడిగేదానికంటే ఒకటి తక్కువే చేయాలన్నది ఎంజో మాట, ఎఫ్40 విషయంలో పాటించని ఆ సూత్రాన్ని ఈసారి పట్టుకున్నారు. ఇంత తక్కువ చేసినా చాలా ఏళ్లపాటు ఎఫ్50ని ఎవరూ పెద్దగా పట్టించుకోలేదు. ఎఫ్40 పక్కన దాన్ని చిన్నచూపు చూశారు. తర్వాత్తర్వాత జనం మనసు మారింది, దాని వీ12 ఇంజిను ఫార్ములా వన్ నుంచి వచ్చిందన్న మాటకు విలువొచ్చింది, ధర ఎఫ్40ని దాటిపోయింది. కారు మారలేదు, చేసిన లెక్కా మారలేదు. చూసే కళ్లు మారాయి. ఆ 349లోనూ 302 ఎరుపు, 31 పసుపు, 8 ముదురు ఎరుపు, వెండి రంగువి 4, నలుపువి 4. ఈ కార్లు సేకరించేవాళ్లు ‘ఎఫ్50 ఎంత?’ అని అడగరు, ‘ఏ రంగుది?’ అని అడుగుతారు. మీరు చూసిన రెండింటి రంగు మీ ఉత్తరంలో రాయలేదు. ధర బేరం ఆడేముందు అది తెలుసుకోండి.

నాకు అన్నింటికన్నా ఇష్టమైన ఉదాహరణ ఫెరారీ 599 జీటీబీ. అది లిమిటెడ్ ఎడిషనే కాదు, కొన్ని వేలు చేశారు. అయితే గేర్లు చేత్తో మార్చుకునే మాన్యువల్ గేర్‌బాక్సు కావాలని ఆర్డరిచ్చినవాళ్లు ప్రపంచం మొత్తం మీద 30 మంది దాకా మాత్రమే. అందరూ స్టీరింగు వెనక వేలితో గేరు మార్చే ప్యాడిల్స్ మోజులో ఉన్న కాలం అది. ఎవరూ అడగనందువల్ల అరుదైపోయిన ఆ 30 బండ్లు ఇవాళ మామూలు 599 కంటే ఎన్నో రెట్లు పలుకుతున్నాయి. కంపెనీ లెక్కపెట్టి ఆపిన అరుదు వేరు, కాలం తనంతట తాను చేసిన అరుదు వేరు. నా మట్టుకు నాకు రెండోదాని మీదే నమ్మకం ఎక్కువ.

మరీ తక్కువ చేసిన కార్లతో ఇంకో చిక్కుంది. లంబోర్గినీ వాళ్లు 2013లో వెనెనో అనే కారు మూడంటే మూడు అమ్మారు, కంపెనీ దగ్గర ఇంకొకటి ఉంచుకున్నారు. టాపు లేని దాని రోడ్‌స్టర్లు తొమ్మిది. వాటిలో ఒకటి 2019లో జెనీవా దగ్గర వేలంలో 82 లక్షల స్విస్ ఫ్రాంకులు దాటి పలికింది. అది ఈక్వటోరియల్ గినీ ఉపాధ్యక్షుడి నుంచి స్విస్ అధికారులు స్వాధీనం చేసుకున్న బండి, ఆ వార్త ప్రపంచమంతా తిరిగింది. ఇలాంటి కారుకు ‘మార్కెట్ ధర’ అనేదే ఉండదు. ఆ రోజు ఆ గదిలో ఎవరున్నారో, వాళ్లలో ఎంతమంది పంతానికి పోయారో అదే ధర. మీ 16ఎం విషయంలో ఆ బాధ లేదు. 499 ఉన్నాయి కాబట్టి ఏటా కొన్ని చేతులు మారుతూనే ఉంటాయి. పోల్చి చూసుకునే వీలుంది, మొదటిసారి కొనేవాళ్లకు అది పెద్ద ఊరట.

ఇక ఆ 1,900 కిలోమీటర్ల దగ్గరికి వద్దాం. మిమ్మల్ని అటు లాగుతున్నది ఆ అంకే.

కొన్నేళ్ల క్రితం ఓ మిత్రుడి కోసం ఒక ఎఫ్40 చూడటానికి వెళ్లాను. మీటరు మీద 2,400 కిలోమీటర్లు. కవరు తీస్తే పెళ్లికూతురిలా ఉంది, ఎక్కడా గీత లేదు. తలుపు తెరిచాను, పెట్రోలు వాసన గుప్పున కొట్టింది. ఎఫ్40లో పెట్రోలు ట్యాంకులు రేసు కార్లలో లాగా రబ్బరు సంచులు. వాటిని సుమారు పదేళ్లకోసారి మార్చాలి, బండి తిరిగినా తిరగకపోయినా. దీనివి కొత్తలో వేసినవే. రబ్బరు ఎండి సన్నగా చెమర్చుతోంది. టైరు మీద గోరు నొక్కితే దిగలేదు, చెక్కలా ఉంది. తర్వాత పెయింటు మీద టార్చి వేసి చూశాను. ఎఫ్40 బాడీకి రంగు చాలా పల్చగా వేస్తారు, దగ్గరగా చూస్తే కింద కార్బన్, కెవ్లార్ అల్లిక నీడలా కనపడుతుంది. ఎడమ తలుపు మీద కనపడింది, ముందు మూత మీద కనపడలేదు. అక్కడ మళ్లీ రంగు వేశారు. ఎందుకు వేశారో చెప్పే కాగితం లేదు, అమ్మేవాళ్ల దగ్గర సమాధానమూ లేదు. మా మిత్రుడు ఆగలేకపోయాడు, కొన్నాడు. ఆ బండి అతని ఇంటికి రాకుండా నేరుగా వర్క్‌షాపుకి వెళ్లి ఏడాదికి పైగా అక్కడే ఉంది. ట్యాంకులు, టైమింగ్ బెల్టులు, పైపులు, సీళ్లు, టైర్లు, చివరికి ఆ ముందు మూత. అతను ఆ ఏడాదంతా పడ్డ టెన్షన్ నేను పక్కనుండి చూశాను. అందుకే తక్కువ తిరిగిన బండి అనగానే నా మనసు మొదట భయపడుతుంది, ఆ తర్వాతే సంతోషిస్తుంది.

కారు నిలబడి ఉంటే ఏమవుతుందో కొంచెం చెప్తాను. ఇంజిన్ సీళ్లు నూనెలో తడుస్తూ ఉంటేనే మెత్తగా ఉంటాయి, ఎండితే బిరుసెక్కి కారతాయి. బ్రేకు ద్రవం గాలిలోని తేమను పీల్చుకుంటుంది. అందుకే రెండేళ్లకోసారి మార్చమంటారు, తిరిగిన దూరంతో దానికి పని లేదు. ట్యాంకులో పాత పెట్రోలు జిగురుగా మారి ఇంజెక్టర్లను పట్టుకుంటుంది. ఒకే చోట బరువు మోసిన టైరు ఆ చోట చదునవుతుంది. బ్యాటరీ చచ్చిపోతే ఎలక్ట్రానిక్స్ లేనిపోని తప్పులు చూపించడం మొదలెడతాయి. ఆరేళ్లు కాగితాలు లేవంటే ఆ ఆరేళ్లలో ఇవన్నీ ఎవరైనా చూసుకున్నారో లేదో మీకు తెలిసే దారి లేదు. చూసుకుని ఉంటే బిల్లు దాచుకునేవారు. లక్షల యూరోల బండి ఉన్నవాడు ఆ బండి బిల్లు పారేసుకోడు.

ఇంకో అనుమానం కూడా తీర్చుకోవాలి. ఆ 1,900 నిజమైనవేనా? బండి ఇటలీలోనే ఉంటూ వచ్చిందంటే ఇది తేల్చడానికి ఒక దారుంది. అక్కడ కారుకు కొత్తలో నాలుగేళ్లకు, ఆ తర్వాత ప్రతి రెండేళ్లకు తప్పనిసరి తనిఖీ ఉంటుంది, ‘రెవిజియోనె’ అంటారు. ఆ కాగితాల్లో మీటరు రీడింగు ఉంటుంది. 2009 బండికి ఆ తనిఖీలన్నీ వరుసగా జరిగాయా, రీడింగు మెట్టుమెట్టుగా పెరిగిందా, ఎక్కడైనా వెనక్కి దిగిందా చూడండి. ఆ ఆరేళ్లు తనిఖీ కూడా చేయించలేదంటే రోడ్డెక్కలేదని అర్థం చేసుకోవచ్చు, కానీ అప్పుడు నేను పైన చెప్పిన పాడైపోవడమంతా లెక్కలోకి వస్తుంది. ఎటు చూసినా ఆ ఆరేళ్ల ఖాళీకి మీరే డబ్బు కట్టాలి.

31,000 తిరిగిన బండి మీదా నాకు గుడ్డి నమ్మకం లేదు. దాన్నీ విప్పి చూపించుకోవాల్సిందే. అమ్మేవాళ్లకు సంబంధం లేని వర్క్‌షాపుకి, వీళ్లతో పాత లావాదేవీలేవీ లేని మెకానిక్కుకి, మీ డబ్బుతో చూపించండి. మోడెనా, ఫెరారీ ఊరు మారనెల్లో, లంబోర్గినీ ఊరు సాంతాగత బొలొన్యేసె చుట్టుపక్కల ఈ కార్ల మీదే చెయ్యి తిరిగినవాళ్లు దొరుకుతారు, ఆ ప్రాంతమే వీటి పుట్టిల్లు. 16ఎంలో మొదట చూడాల్సింది క్లచ్. ఆ గేర్‌బాక్సుకు క్లచ్ పెడల్ ఉండదు, పని కంప్యూటరు చేస్తుంది, ఎంత శాతం అరిగిందో డయాగ్నస్టిక్ పెడితే తెలుస్తుంది. ఆ అంకెను కాగితం మీద రాయించుకోండి. తర్వాత ఎగ్జాస్ట్ మ్యానిఫోల్డులు, అంటే ఇంజిన్ పొగను బయటకు పంపే గొట్టాలు. 16ఎంకి మూలమైన ఎఫ్430 కుటుంబంలో అవి పగలడం అందరికీ తెలిసిన జబ్బు, మార్చి ఉంటే బిల్లు అడగండి. బ్రేకు డిస్కులు కార్బన్ సిరామిక్‌వి, మార్చాలంటే ఖర్చు మామూలుగా ఉండదు, వాటి అంచుల్లో పగుళ్లు, పెచ్చులూడిన గుర్తులూ ఉన్నాయేమో చూడమనండి. అదృష్టంకొద్దీ ఈ ఇంజినుకు టైమింగ్ బెల్టు బదులు చైను ఉంటుంది, పాత ఫెరారీల్లా బెల్టు కోసం మూడేళ్లకోసారి వర్క్‌షాపు మెట్లెక్కక్కర్లేదు.

మీరే స్వయంగా చూడగలిగినవీ ఉన్నాయి. టైరు పక్కన చిన్న గడిలో నాలుగంకెలు ఉంటాయి. 2319 అని ఉంటే 2019లో 23వ వారంలో చేసిందని. నాలుగు టైర్ల మీదా ఆ అంకెలు చదివి రాసుకోండి. 1,900 తిరిగిన బండికి కొత్త టైర్లుంటే ఎప్పుడు మార్చారో, ఎందుకు మార్చారో అడగండి. 2009వే ఉంటే వాటి మీద ఒక్క కిలోమీటరు కూడా నడపొద్దు. లోపల కూర్చుని ఏసీ స్విచ్చుల మీద వేలు పెట్టండి. ఆ కాలం ఇటాలియన్ కార్లలో ప్లాస్టిక్ మీద పూసిన మెత్తటి పూత ఏళ్లు గడిచేసరికి కరిగి బెల్లం పాకంలా వేలికి అంటుకుంటుంది. అదేం పెద్ద లోపం కాదు, బాగు చేసేవాళ్లున్నారు. కానీ ‘అసలు ముట్టుకోని బండి’ అని అమ్ముతున్నవాడి కారులో స్విచ్చులు కొత్తగా మెరుస్తుంటే ఎవరో చెయ్యి పెట్టారన్నట్టే. అప్పుడు ఇంకా ఎక్కడెక్కడ చెయ్యి పెట్టారో అడగండి. మరో చిన్న వస్తువుంది. 16ఎంకి తీసి పెట్టుకునే ఐపాడ్ టచ్ ఒకటి ఇచ్చేవారు, పాటలకు. ఇవాళ దానితో పాటలు వినేవాళ్లు ఎవరూ లేరు. అయినా అది ఉందా, పనిముట్ల సంచి ఉందా, పుస్తకాల తోలు పౌచ్ ఉందా, రెండో తాళం ఉందా అని అడగండి. విడిగా కొనాలంటే దొరకవు, దొరికినా మండిపోతాయి. పైగా ఇలాంటి చిన్నవి భద్రంగా దాచినవాడు ఇంజిన్ ఆయిల్ కూడా వేళకు మార్పించి ఉంటాడన్నది నా అనుభవం.

కాగితాల్లో అన్నిటికన్నా ముఖ్యమైనది బండి ఎవరిదన్నది. ఫార్ములా వన్ డ్రైవరు గెర్హార్డ్ బెర్గర్ ఫెరారీ ఎఫ్512ఎం 1995 ఏప్రిల్లో ఇటలీలోని ఇమోలాలో దొంగలపాలైంది. దాని జాడ 2024లో లండన్ పోలీసులకు దొరికింది. ఎలా దొరికిందంటే, అమెరికాలో ఒకాయన బ్రిటన్ బ్రోకరు ద్వారా ఆ కారు కొనబోతుండగా ఫెరారీ కంపెనీ నంబర్లు సరిచూసింది. దాదాపు 29 ఏళ్లు ఆ బండి చేతులు మారుతూ తిరిగింది! ఆ నంబర్లు ఎవరూ చూడకపోయి ఉంటే ఆ కొనబోయినాయన డబ్బు, బండి రెండూ పోగొట్టుకునేవాడు. అందుకే ఛాసిస్ నంబరు, ఇంజిన్ నంబరు, గేర్‌బాక్సు నంబరు మూడూ కంపెనీ రికార్డుతో సరిపోవాలి. కార్లవాళ్లు ‘మ్యాచింగ్ నంబర్స్’ అనేది దీన్నే. అప్పు బాకీ, కోర్టు గొడవ, దొంగతనం ఫిర్యాదు లాంటివేమీ లేవని రాతపూర్వకంగా తీసుకోండి.

ఫెరారీలో ‘క్లాసికె’ అనే విభాగం ఉంది. 20 ఏళ్లు దాటిన కార్లను, కొన్ని ప్రత్యేక శ్రేణుల కార్లను అసలు డ్రాయింగులతో పోల్చి, పుట్టినప్పుడు ఎలా ఉందో అలాగే ఉందని తేలితే సర్టిఫికెట్ ఇస్తుంది. దాన్ని ఎర్ర అట్ట పుస్తకంలో పెట్టి ఇస్తారు, సేకరించేవాళ్లు ‘రెడ్ బుక్’ అంటారు. లంబోర్గినీకి కూడా 2015 నుంచి ‘పోలో స్తోరికో’ ఉంది. మీరు చూస్తున్న 2009 బండ్లకు 2029లో 20 ఏళ్లు నిండుతాయి. ఆ రోజు ఏడాదేడాది బిల్లులున్న బండి యజమాని నిశ్చింతగా వెళ్లి పరీక్షకు నిలబెడతాడు. ఆరేళ్లు ఖాళీ ఉన్న బండి యజమాని తను కొనకముందు ఎవరో ఏ భాగం మార్చారోనని గుండె చేత్తో పట్టుకుని నిలబడాలి. రెండో బండి అని నేను తేల్చేయడానికి పెద్ద కారణం ఇదే.

ఇప్పుడు ధర. ఇంటర్నెట్లో డీలరు పెట్టిన ధర అతని ఆశ, దాన్ని విలువ అనుకోవద్దు. ఏడాదిగా అదే ధరకు అక్కడే కూర్చున్న బండి ఏం చెప్తోంది? ఆ ధరకు ఎవరూ రాలేదని. కాబట్టి అమ్ముడైన ధరలే చూడండి. వేలం సంస్థలు ఫలితాలు బయటపెడతాయి, గత రెండు మూడేళ్లలో అమ్ముడైన 16ఎంలు వెతికి కిలోమీటర్లు, రంగు, ఎన్ని చేతులు మారింది, ఏ దేశానిది అన్నీ ఒక కాగితం మీద రాసుకోండి. ఒకే ఒక జాగ్రత్త. వేలంలో సుత్తి పడ్డ ధర ఒకటి, కొన్నవాడు కట్టేది ఇంకొకటి. 2018లో అమెరికాలోని మాంటెరేలో ఒక ఫెరారీ 250 జీటీఓ 4.84 కోట్ల డాలర్లకు అమ్ముడైందని అందరూ రాశారు. సుత్తి పడింది 4.4 కోట్ల దగ్గర, మిగతాది వేలం సంస్థ కొన్నవాడి దగ్గర తీసుకునే ప్రీమియం. 1962 నుంచి 1964 మధ్య చేసిన 36 బండ్లలో ఒకటది, దానితో మనకు పోలిక లేదనుకోండి. కానీ లెక్క అన్నిటికీ ఒకటే: మీరు పోల్చి చూస్తున్న ధరలో ఆ ప్రీమియం కలిసి ఉందో లేదో తెలియకపోతే పదో వంతు తేడాతో మోసపోతారు.

పెరుగుతుందన్న మాటకు అందరూ చూపించే ఉదాహరణ, స్థాపకుడి పేరుతోనే ఫెరారీ చేసిన ‘ఎంజో’ అనే కారు. 399 చేస్తామని చెప్పి, నాలుగు వందలవది ఒకటి చేసి పోప్ రెండో జాన్ పాల్‌కి ఇచ్చారు. ఆయన దాన్ని అమ్మి ఆ డబ్బు సాయానికి వాడమన్నారు. 2005లో మారనెల్లోలో జరిగిన వేలంలో 9,50,000 యూరోలు వచ్చాయి, సునామీ బాధితులకు ఇచ్చారు. పదేళ్లకు, 2015లో, అదే బండి 60.5 లక్షల డాలర్లు పలికింది. నిజమే, కళ్లు చెదిరే పెరుగుదల. కానీ పోప్ పేరున్న నాలుగు వందలవ బండి ప్రపంచంలో అదొక్కటే. మీ బ్రోకరు 1990 గురించి చెప్పాడా? ఎంజో ఫెరారీ పోయాక ఫెరారీలంటే జనం ఎగబడ్డారు. ఎఫ్40లు కంపెనీ ధరకు రెట్టింపు దాటి చేతులు మారాయి. అప్పు చేసి కొన్నవాళ్లున్నారు, కారు ముఖం చూడకుండా ఆర్డరు కాగితమే అమ్ముకున్నవాళ్లున్నారు. 1990 తర్వాత ఆ మార్కెట్టు కుప్పకూలింది, కోలుకోవడానికి చాలా ఏళ్లు పట్టింది. సొంత డబ్బుతో కొన్నవాళ్లు కవరు తీసి నడుపుకుంటూ మంచి రోజుల కోసం ఆగగలిగారు. అప్పు చేసినవాళ్లకు వడ్డీ ఆగనివ్వలేదు, వచ్చినకాడికి అమ్ముకున్నారు. ఆ రోజు వాళ్లు అమ్మిన కార్లే తర్వాత కోట్లు పలికాయి.

ఇల్లు తాకట్టు వద్దని నేను గట్టిగా అంటున్నది అందుకే. ఐదేళ్లలో రెట్టింపు అని ఎవరూ హామీ ఇవ్వలేరు, ఇచ్చేవాళ్లను నమ్మకూడదు. ఆ బ్రోకరుకు మీరు ఖరీదైన బండి కొంటే కమీషను ఎక్కువ వస్తుంది, ఆ సంగతి మరిచిపోకండి. కారు అద్దె తేదు, వడ్డీ తేదు. ఇన్సూరెన్సు, గ్యారేజీ, ఏటా సర్వీసు, బ్యాటరీ చార్జరు, ఎప్పుడో ఒకనాడు క్లచ్, ఇవన్నీ తింటూనే ఉంటుంది. కొనే ధరలో కనీసం పదో వంతు డబ్బు విడిగా పక్కన పెట్టుకోగలిగితేనే ముందుకెళ్లండి. రెండో బండికి మిగిలే ఆ నాలుగో వంతులో సగం ఇందుకు వాడుకుంటే మూడు నాలుగేళ్లు నిద్ర చెడకుండా గడుస్తుంది. ఇల్లు మీ ఒక్కరిదీ కాదు. మీ ఆవిడ వద్దని అనలేదు, నడపని కారు ఎందుకని మాత్రమే అడిగారు. ఈ వ్యవహారంలో ఇప్పటిదాకా మీకు వచ్చిన సలహాల్లో అదే సరైనది. ఆమెను కూడా మోడెనా తీసుకెళ్లండి.

31,000 బండి కొంటే మీకు దక్కే ఇంకో సుఖం చెప్తాను. 1,900 బండిని మీరు నడిపిన ప్రతి కిలోమీటరూ దాని ధరలోంచి తరుగుతుంది. ఒక ఆదివారం వంద కిలోమీటర్లు తిరిగొస్తే ఎంత నష్టమైందో లెక్కేసుకుంటూ తాళం తీస్తారు. 31,000 బండి 36,000 అయితే కొనేవాడు పెద్దగా పట్టించుకోడు. ఏటా వెయ్యి, రెండు వేల కిలోమీటర్లు నడపండి, ఇంజిన్ పూర్తిగా వేడెక్కేదాకా నడపండి, ఆయిల్ ఏటా మార్చండి, ప్రతి బిల్లూ అదే పౌచ్‌లో పెట్టండి. ఇప్పటిదాకా ముగ్గురు చేసిన పని మీరు కొనసాగిస్తారు. మళ్లీ అమ్మాల్సి వస్తే కొనేవాడి ముందు పెట్టేది ఆ బిల్లుల కట్టే.

తనిఖీలో రెండో బండికి యాక్సిడెంటు జరిగిందని గానీ, ఛాసిస్ అతుకు పెట్టారని గానీ తేలితే మాత్రం దాన్నీ వదిలేయండి. మొదటిదాని వైపు తిరగొద్దు, మూడోదాని కోసం ఆగండి. 499 ఉన్నాయి, ఏడో తరగతి నుంచి ఆగినవారు ఇంకో ఏడాది ఆగగలరు.

వెళ్లేముందు రోజు డీలరుకు ఫోన్ చేసి, మీరు వచ్చేదాకా ఇంజిన్ స్టార్ట్ చేయొద్దని చెప్పండి. వెళ్లగానే ఇంజిన్ మూత మీద చెయ్యి పెట్టి చల్లగా ఉందో లేదో చూడండి. వెచ్చగా ఉంటే ఎందుకు వేడెక్కించారో అడగండి. చల్లగా ఉంటే మెకానిక్కుని బండి వెనకాల నిలబెట్టి, మీరు లోపల కూర్చుని తాళం తిప్పి, స్టీరింగు మీదున్న ఎర్ర బటన్ నొక్కండి. మొదటి నిమిషం ఎవరినీ మాట్లాడొద్దని చెప్పి, చైను చప్పుడు, మ్యానిఫోల్డు టిక్కుటిక్కు ఏవైనా వినిపిస్తాయేమో చెవి పెట్టి వినండి. పొగ ఏ రంగులో వస్తోందో మెకానిక్కు చూసి చెప్తాడు. ఆ నిమిషం అయ్యాక మీ ఆవిణ్ని పక్క సీట్లో కూర్చోమనండి.